అమ్మ పెట్టిన చలి పరీక్ష

చలి అనగానే మా వీధిలో అందరికీ నేనే గుర్తొస్తాను. నాలుగు చినుకులు పడితే స్వెట్టరు తొడుక్కునేది, మార్గళి నెలలో తలకు మఫ్లరు చుట్టుకుని కాలేజీ బస్సెక్కేది, నడి వేసవిలో కూడా ఫ్యాను కాస్త వేగంగా తిరిగితే దుప్పటి లాక్కునేది మా ఊరు పాపారపట్టి మొత్తానికి నేనొక్కదాన్నే. అలాంటి నాకు పోయి పోయి ఫిన్లాండ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఫీజు కూడా పూర్తిగా వాళ్లే భరిస్తారు. దేవుడికి హాస్యం పాలు కాస్త ఎక్కువేనని ఆ రోజు అనుకున్నాను.

నాయన వెంటనే సరేనన్నాడు. ఆయన మేస్త్రీ. ఆ దేశం ఏ దిక్కున ఉందో కూడా అడగలేదు, చదువు అన్నాను గనక అది చాలు. అమ్మ ఆయన పక్కనే సిమెంటు తట్టలు మోస్తుంది. దేన్నైనా తన కంటితో చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు. నా ఫోను తీసుకుని, అందులో మంచు కప్పేసిన వీధినీ, ముక్కు తప్ప ఏమీ కనబడని మనుషులనీ చాలాసేపు చూసింది.

"ఇది ఊరా, ఐసు పెట్టెనా? తుంపర పడితే తుమ్ముతావు నువ్వు. ఈడికి పోయి ఎట్ల బతుకుతావు పాపా? నేను పంపను."

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయటివాళ్లతో తమిళంలో ఎంత పోట్లాడినా అమ్మ చివరికి ఒక మెట్టు దిగుతుంది. ఇంట్లో తెలుగులో మొండికేస్తే మాత్రం దించడం ఎవరి తరమూ కాదు. ఆ వారంలోగా సీటు తీసుకుంటున్నానని యూనివర్సిటీకి జవాబు పంపాలి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాయన ఒప్పుకున్నాడు గనక అమ్మను కాదని పంపేయొచ్చు. కానీ అమ్మ ముఖం ముడుచుకుని ఉంటే నేను ధర్మపురి బస్టాండు దాకా కూడా పోలేను, ఇక ఫిన్లాండ్ ఏం పోతాను?

"నేను తట్టుకుంటానమ్మా" అన్నాను పౌరుషంగా.

"నోటితో చెప్తే కాదు. చూపించు" అంది.

మర్నాడే నన్ను మా ఊరి ఏటీఎం గదికి తీసుకెళ్లింది. నాకు తెలిసి ఊళ్లో ఏసీ ఉన్న గది అదొక్కటే. నన్ను సరిగ్గా ఏసీ కింద నిలబెట్టి, తాను పరీక్ష హాలులో టీచరులా చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. కాసేపటికే నాకు తుమ్ములు మొదలయ్యాయి. డబ్బు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, మేము దొంగలమో పిచ్చివాళ్లమో తేల్చుకోలేక మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఏటీఎమ్ముకే తుమ్మినావు గదే!" అని అమ్మ ఇంటిదాకా దెప్పుతూనే వచ్చింది. నాకు ఉక్రోషమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కోటు లేకుండా నిలబెడితే ఎవరైనా తుమ్ముతారని వాదించాను.

కోటు తెచ్చింది మా మామ, అంటే అమ్మ తమ్ముడు. బెంగళూరులో పాత బట్టల అంగట్లో కొన్నాడట. మోకాళ్లు దాటే నల్ల కోటు, లోపలంతా దూది. ఎవరు తొడిగి విడిచినదోనని అమ్మ దాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి, బండకేసి బాది, మేడ మీద ఆరేసింది. దూదంతా కిందికి జారి ఉండలు కట్టింది. అమ్మా నాయనా చెరో పక్క కూర్చుని, పాత పరుపు బాగుచేసినట్టు ఆ ఉండలన్నీ వేళ్లతో విడదీశారు. పంపనంటూనే ఇదంతా ఎందుకని అడగబోయి నోరు మూసుకున్నాను.

మామ ధర్మపురిలో ఒక ఐస్‌క్రీమ్ గోడౌనులో పెట్టెలు ఎత్తి దించే పని చేస్తాడు. అమ్మ పరీక్షల సంగతి విని పగలబడి నవ్వాడు.

"అక్కా, మా గోడౌన్లో పెద్ద రూము ఉండాది. మైనస్ పద్దెనిమిది! పాపను ఆడికి పిల్చుకొని రా. ఏటీఎంది కూడా ఒక సలేనా?"

అమ్మ కళ్లు మెరిశాయి.

ఆదివారం అమ్మా మామా నేనూ బస్సులో ధర్మపురి వెళ్లాం. చిత్తిరై నెల ఎండలో ఆ కోటు ఒళ్లో పెట్టుకుంటే మేకపిల్లను ఎత్తుకున్నట్టే ఉంది. గోడౌను ముందు నన్ను పెళ్లికూతురిలా తయారుచేశారు. రెండు జతల సాక్సులు, నాయన మంకీ క్యాప్, పనిలో మామ వేసుకునే లావుపాటి గ్లవ్సులు, పైన కోటు. లోపలికి అడుగుపెట్టకముందే చెమటతో తడిసిపోయాను. ఓనరు నవ్వు ఆపుకుంటూ, ఏమాత్రం ఇబ్బందైనా తలుపు తోసుకుని వచ్చేయమని తమిళంలో చెప్పాడు.

తలుపు తీయగానే తెల్లటి పొగ కాళ్ల మీదికి వచ్చింది. లోపల కప్పు దాకా అట్టపెట్టెలు. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల బిగుసుకుపోయింది, పళ్లు జివ్వుమన్నాయి. తుమ్ము కోసం ఎదురుచూశాను. రాలేదు. నిజం చెప్పాలంటే అమ్మకంటే నాకే ఎక్కువ భయం ఉండేది, పౌరుషానికి పోయి దాచుకున్నాను. ఇప్పుడు ఆ భయం వదిలిపోతుంటే ఒళ్లంతా తేలికైంది. తలుపుకున్న చిన్న అద్దంలో అమ్మ ముఖం కనిపిస్తే, ఆమెకు చూపిస్తూ ఆ కోటుతోనే గంతులు వేశాను.

అద్దంలోంచి ముఖం మాయమైంది. తలుపు తెరుచుకుని అమ్మ లోపలికి వచ్చేసింది, నూలు చీరతో, రబ్బరు చెప్పులతో.

"అమ్మా, నువ్వెందుకు? బయటికి పో!"

"ఉండు" అంటూ తలుపు మూసి నా పక్కన నిలబడింది. కొంగు చెవుల చుట్టూ చుట్టుకుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆడ ఇంతేనా, ఇంకా ఎక్కువ ఉంటాదా?"

"కొన్ని దినాలు ఇంకా ఎక్కువే అంట. ఇండ్ల లోపల వెచ్చగా ఉంటాదంటమ్మా. పరీక్ష నాకు గదా, నువ్వు యాల వచ్చినావు?"

"ఆడినుంచి ఫోన్ చేసి సలిగా ఉందమ్మా అంటావు. ఈడ చెమట తుడుచుకుంటా నేను ఊ అంటే సరిపోతాదా? ఎంత సలో నాకు తెలియాల గదా."

కోటు జిప్పు లాగి ఆమెను లోపలికి లాక్కున్నాను. ఇద్దరికీ చాలలేదు. ఆమె వీపు సగం బయటే ఉండిపోయింది, అయినా అలాగే గట్టిగా పట్టుకున్నాను. మామ తలుపు బాదుతూ, "అక్కా, చాలు రండి, కప్పులో పోసి అమ్మేస్తారు మిమ్మల్ని!" అని అరిచాడు. ఇద్దరం నవ్వుతూ ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డాం.

ఓనరు రెండు ఐస్‌క్రీములు తెప్పించాడు. అమ్మ ఆయనకు దండం పెట్టి, నన్ను లాక్కుని రోడ్డు అవతల టీ అంగడికి వెళ్లింది. వేడి గ్లాసును రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది. ఇంత ఎండలో ఆ కోటేమిటని టీ మాస్టరు మమ్మల్ని వింతగా చూస్తూ అడిగాడు. సీటు వచ్చిన దగ్గర్నుంచి ఎవరు అడిగినా అమ్మ "చూస్తాం" అని మాట తప్పించేది. నేను బదులు చెప్పేలోపే ఆమె తమిళంలో అందుకుంది.

"మా పాప చదువుకోను ఫిన్లాండు పోతా ఉండాది. ఆ ఊరి సలి నేను చూసినాను. ఉండొచ్చు."