ముసురులో ఎండిన గులాబీ బోలు

నాకు సంతకం పెట్టడం వచ్చండీ, అంతే. అంకెలు వంద దాకా పోల్చుకోగలను. అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. తన గురించి ఏం చెప్పినా మార్చకుండా రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను. నా గొంతు బొంగురు. అవతలి ఒడ్డున ఉన్న పడవని ఇవతలికి పిలిచిన గొంతు ఇది. "నెమ్మదిగా చెప్పండి అత్తయ్యగారూ, పక్కింటివాళ్లు కూడా రాసేసుకోగలరు" అంటోంది. అది కూడా రాయమ్మా అన్నాను.

మాది ఐ.పోలవరం దగ్గర ఏటిగట్టు మీద ఊరు. మా ఆయన పడవ మీద వేటకి వెళ్లేవారు. నేను చిరిగిన వలలు కట్టేదాన్ని, రొయ్యలు ఎండబెట్టి సంతకి పట్టుకెళ్లేదాన్ని. ఆయన పోయేక పడవా వలలూ అమ్మేసేం. కొడుకు గల్ఫులో ఉన్నాడు. కోడలు అమలాపురంలో అద్దింట్లో ఉండి, ఫోనులో చూసి నేర్చుకుని కేకులు చేసి అమ్ముతోంది. ఒక్కరూ అక్కడెందుకని నన్ను తీసుకొచ్చేసింది.

తీసుకొచ్చి ఏం చేసిందంటే, కూర్చోబెట్టింది. గిన్నె తోముదామంటే, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ". కూర తరుగుదామంటే, "మీకెందుకండీ శ్రమ". మంచి మనసుతోనే అనేది, కాదనను. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఏదో ఒకటి పట్టుకునే ఉన్న చేతులండీ ఇవి. ఒళ్లో పెట్టుకు కూర్చుంటే ఎవరివో దాస్తున్నట్టుండేది. మూణ్ణెల్లు అలా టీవీలో వంటలు చూసేను. వాళ్లు చేసిన వంట నాకు ఒక్కటీ నచ్చలేదు.

ఓ రోజు పొద్దున్న వంటింట్లోంచి విసుక్కోవడం వినపడింది. వెళ్లి చూద్దును కదా, కోడలు బల్ల మీద ఓ తెల్లటి ముద్దని అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి, పట్టీలుగా కోసి, వాటితో బో చెయ్యాలని చూస్తోంది. ఆడపిల్లల జడలకి రిబ్బను కట్టి పువ్వులా విప్పుతాం చూడండి, అదే బో. ముద్దేమో మెత్తటి పంచదార పొడి జిగురు వేసి పిసికినది. ఫాండెంటంటారట. మా ఇంట్లో పంచదార ముద్ద అంటాం. దాంతో ఏం చేసినా తినెయ్యొచ్చు.

"ఇలా ఇవ్వమ్మా. ముడి వెయ్యడం నాకు చెప్పాలా?" అన్నాను.

ఇచ్చింది. పొడుగు పట్టీ ఒకటి తీసుకుని, రెండు చెవులు మడిచి, ఒకదాని కిందనుంచి ఒకటి దూర్చి, గట్టిగా లాగేను. తెగింది. ఇంకోటి తీసుకున్నాను, ఇంకాస్త నెమ్మదిగా లాగేను. అదీ తెగింది. మూడోదానికి కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యగారూ, ఇది తాడు కాదండీ. లాగితే రాదు."

"మరి ముడి ఎలా పడుద్ది?"

"ముడి ఉండదండీ. ఉన్నట్టు కనపడాలి, అంతే."

ఈ మాట నా బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది. బిగించకుండా ముడేంటండీ. మా దగ్గర అలాంటి ముడి వేస్తే చేప నవ్వుకుంటూ పోద్ది. కానీ కోడలు చెప్పిందే నిజం. బోని కట్టకూడదు, పేర్చాలి. రెండు చెవులూ విడివిడిగా చెయ్యాలి. పట్టీని మడిచి, చివర్లు నొక్కి, లోపల దూది ఉండ పెట్టాలి, ఆరేదాకా గుండ్రంగా నిలబడ్డానికి. కిందకి వేలాడే తోకలు రెండు వేరే కోసుకోవాలి, చివర చేపతోకలా చీలిక ఇవ్వాలి. నీళ్ల చుక్క వేలితో రాసి అన్నీ అతికించి, మధ్యలో ఓ చిన్న పట్టీ చుట్టేస్తే, దాని కింద అతుకు దాక్కుంటుంది. ఆరేక దూది లాగెయ్యాలి. మొదట్లో ఒకసారి లాగడం మర్చిపోయేను. కేకు తీసుకెళ్లినవాళ్లు ఫోను చేసి, "లోపల తెల్లగా ఉన్నది కూడా తినాలాండీ?" అనడిగేరు. కోడలు, "వద్దండీ, అది అందానికి" అంది. దాని తెలివి దానిదే.

చేతులకి పని దొరికింది. పొద్దున్నే లేచి స్నానం చేసి కూర్చుంటే, నా ముందు ఎర్రముద్ద, నీలంముద్ద, పసుప్పచ్చముద్ద. ఏ రంగులో ఎన్ని బోలు కావాలో నాకు చదవడం రాదు కదా, అందుకని కోడలు కాగితం మీద బో బొమ్మ గీసి, ఆ రంగు పెన్సిలు రుద్ది, పక్కన అంకె వేసి ఫ్రిజ్జుకి అంటించేది. ముద్ద పిసికితే ఆ రంగు గోళ్లలో దిగిపోయి వారం దాకా వదలదు. పక్కింటావిడ ఓ రోజు నా చేతులు చూసి, "ఏంటి పిన్నిగారూ, ఈ వయసులో గోళ్లకి గులాబీ రంగా?" అంది. "మీకూ వేస్తాను రండి, పంచదారదే, మీ ఆయన తిడితే చప్పరించెయ్యొచ్చు" అన్నాను. ఆవిడ పారిపోయింది.

అయితే ఓ తప్పు చేసేను. ఏటిగట్టు వాళ్లం కాబట్టే చేసేను, ఇంకోళ్లయితే చెయ్యరు.

ఏది తడిగా ఉన్నా ఎండలో వెయ్యడం మాకు అలవాటు. చేపయినా, రొయ్యయినా, వలయినా అంతే. బోలు ఆరడానికి రెండేసి రోజులు పడుతుంటే నాకు ఓపిక చచ్చింది. ఓ మధ్యాహ్నం కోడలు సరుకులకి వెళ్లినప్పుడు, ఓ పుట్టినరోజు కేకు కోసం చేసిన ఆరు బోలు తీసుకెళ్లి డాబా మీద ఎండలో పెట్టేను. దేంట్లో పెట్టేనంటారు? ఊరినుంచి తెచ్చుకున్న నా చేటలో. రొయ్యలు ఎండబెట్టిన చేట. పైన కాకులు రాకుండా చిన్న వలముక్క కూడా కప్పేను. చాలా తెలివిగా చేసేననుకున్నాను.

గంట తర్వాత కోడలు పైకొచ్చింది. ఎండకి చెవులు మెత్తబడి వాలిపోయేయి. రంగు వెలిసింది. ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నన్ను చూసింది. మళ్లీ వాసన చూసింది.

"అత్తయ్యగారూ, రొయ్యపప్పు వాసనొస్తోందండీ."

"కొంచెమే కదమ్మా."

ముందు నవ్వింది, మెట్ల మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వేను. తర్వాత నవ్వు ఆగిపోయింది. సాయంత్రానికి కేకు ఇవ్వాలి, బోలు లేవు. ఒట్టి కేకు ఇచ్చి మాటపడింది. ఆ రాత్రి అన్నం దగ్గర నెమ్మదిగా అంది. "రాజమండ్రిలో రెడీమేడ్ బోలు డబ్బాల్లో దొరుకుతాయండీ. అవి తెప్పించుకుంటాను. మీరింక కూర్చోండి."

కూర్చోండి అంది చూడండి, అది గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది.

"ఇంకొక్క ఆర్డరు నా చేత్తో చెయ్యనియ్యి. అది పడిపోతే నువ్వు చెప్పినట్టే డబ్బాలు తెప్పించుకో, నేను టీవీ ముందు కూర్చుంటాను" అన్నాను.

చారు కలుపుకుంటూ, "ఆయ్, సరేనండీ" అంది.

ఆ ఆర్డరు కొత్తపేటనుంచి వచ్చింది. ఆడపిల్లకి మొదటి పుట్టినరోజు. పిల్ల అమ్మమ్మగారు ఫోనులో మాట్లాడుతుంటే నేను పక్కనే విన్నాను. "పిల్లకి పుట్టువెంట్రుకలు మొన్ననే వాడపల్లిలో తీయించేసేమండీ. గౌను మీదకి తలకి పెట్టే పెద్ద గులాబీ బో ముందే కొనేసి ఉంచేం. ఇప్పుడు గుండు మీద అది ఎక్కడ నిలుస్తుంది? అందుకని కేకు మీదన్నా ఇంత పెద్ద బో ఉండాలండీ. చుట్టూ చిన్నవి ఎనిమిది." ఇంత పెద్ద అంటే ఎంతో ఫోనులో కనపడదు కదా, కోడలు రెండు చేతులూ చాపి నన్నడిగింది. నేను ఇంకొంచెం చాపమన్నాను.

శనివారం పొద్దున్న కేకు ఇవ్వాలి. గురువారం బోలు మొదలెట్టేను, ముసురు కూడా అప్పుడే మొదలెట్టింది. మా కోనసీమ ముసురు తెలుసు కదండీ. వాన కురిసినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. గోడలు చెమ్మగిల్లుతాయి, ఉప్పు కరిగిపోద్ది. పంచదార ముద్ద అంతకన్నా ముందు కరుగుద్ది. పెద్దదానికి చెవులు అరచెయ్యంత చేసేను. గట్టిపడ్డానికని కోడలు ఏదో పొడి చిటికెడు ఎక్కువే కలిపింది, దాని పేరు నాకు నోరు తిరగదు. సాయంత్రానికి కరెంటు పోయింది, ఫ్యాను ఆగిపోయింది. శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే బోలన్నిటికీ చెమట పట్టి ఉంది. పెద్దదాన్ని వేలితో తాకితే వేలికి అంటుకుంది.

కోడలు గ్యాసు ఓవెనులో కేకు పెడుతూ నా వంక చూడకుండా ఉంది. బస్సు మీద రాజమండ్రి వెళ్లొస్తే మధ్యాహ్నానికి డబ్బా తెచ్చుకోవచ్చని దాని మనసులో ఉందని నాకు తెలుసు. గొడుగు గుమ్మం దగ్గర పెట్టుకుంది కూడా.

అప్పుడు నాకు బాలింతల ఇళ్లు తట్టేయి. ముసుర్లో పుడితే పసిపిల్లల గుడ్డలు ఆరవు కదండీ. కుంపట్లో బొగ్గులు రాజేసి, పైన గంప బోర్లించి, గంప మీద గుడ్డలు ఆరేస్తాం. సెగ తగలకూడదు, వెచ్చదనం చాలు. నేను ఎన్నిళ్లల్లో ఎన్ని గుడ్డలు అలా ఆరబెట్టేనో.

"ఇంటివాళ్లనడిగి కుంపటి పట్రా" అన్నాను.

కోడలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "రొయ్యల వాసన అయింది, ఇప్పుడు పొగ వాసనాండీ?"

"పొగ రానిస్తే నేను ఏటిగట్టు మనిషినే కాదు. గొడుగు నీ దగ్గరే ఉందిగా, పదకొండింటికి బోలు చూసుకుని అప్పుడు వెళ్లు."

కొబ్బరి చిప్పల బొగ్గులు వరండాలో పెట్టి రాజేసేను. పొగంతా బయటే పోయి, బొగ్గు మొత్తం ఎర్రబడ్డాక పైన బూడిద కప్పేను. అప్పుడు లోపలికి తీసుకెళ్లి సామాన్ల గదిలో ఓ మూల పెట్టేను. బోలు కుంపటి మీద పెట్టలేదండీ, అలా పెడితే చెవులు వాలిపోతాయి, ఎండలో ఒకసారి చూసేను కదా. ఎదుటి గోడకి పైన ఉన్న అలమరలో, కొత్త కాగితం పరిచి పెట్టేను. తలుపు జానెడు తెరిచి ఉంచి బయట పీట వేసుకు కూర్చున్నాను. ఇలాంటి కూర్చోవడం నాకు ఇష్టమేనండీ, పని మీద కూర్చోవడం.

కాసేపటికోసారి వెళ్లి గోటితో మీటేదాన్ని. మొదట మెత్తగా, చప్పుడే లేదు. తర్వాత చప్పగా ఓ శబ్దం. బూడిద కాస్త తీసి మళ్లీ కప్పేను. చిన్నవాటిలో ఒకటి చెవి దగ్గర నెర్రె ఇచ్చింది. ఫరవాలేదు, పది చేసి ఉంచేను. పదకొండు అవకుండానే కోడలు వచ్చి పక్కన నిలబడింది. చెప్పు తొడుక్కుంది, గొడుగు చేతిలో ఉంది.

పెద్ద బోని ఓ చెవి మీద గోటితో మీటేను. టక్కుమంది. కాలిన అప్పడం మీటినట్టు.

కోడలు గొడుగు కింద పెట్టి, తనూ మీటింది. రెండో చెవి మీద మీటింది. వంగి వాసన చూసింది, బాగా లోపలికి పీల్చి మరీ చూసింది. "పంచదార వాసనేనండీ" అంది, ఎవరో మోసం చేసినట్టు. దూది ఉండలు నేనే లాగేను. చెవులు రెండూ డొల్లగా, గుండ్రంగా, ఎవరో లోపలినుంచి ఊదినట్టు నిలబడ్డాయి.

శనివారం పొద్దున్న తెరిపిచ్చింది. అమ్మమ్మగారు పిల్లని చంకనేసుకుని కారులో వచ్చేరు. పిల్ల గుండుకి గంధం రాసుంది, కొత్త గౌను వేసేరు. కేకు పెట్టి మూత తియ్యగానే ఆవిడ పిల్ల మొహం వంకే చూసేరు, కేకు వంక కాదు. పిల్ల రెండు చేతులూ చాచి ముందుకు దూకింది. కోడలు కేకుని వెనక్కి లాగింది, నేను పిల్లని పట్టుకున్నాను.

"ఇదెవరు చేసేరండీ?" అన్నారావిడ.

కోడలు గడ్డంతో నన్ను చూపించింది. ఆవిడ నా వంకా, నా గోళ్ల వంకా చూసి, "కట్టేరా, అతికించేరా?" అనడిగేరు.

"కట్టినట్టు అతికించేనండీ."

మిగిలిన చిన్న బో ఒకటుంది కదా, అది పిల్ల గుండు మీద గంధానికి ఆనించేను, ఊరికే చూద్దామని. తడి గంధం కదండీ, నిలబడిపోయింది. అమ్మమ్మగారు ఫోను తీసేలోపల పిల్ల దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకుంది. కొత్త పళ్లు నాలుగు ఉన్నాయి, కరకరా నమిలింది. మేం ముగ్గురం నవ్వుతుంటే అది ఎందుకో తెలియక మా మొహాలు చూస్తూ, నమలడం మాత్రం మానలేదు.

కారు వెళ్లిపోయేక కోడలు ఫ్రిజ్జు దగ్గరికెళ్లి పాత కాగితం పీకేసి కొత్తది అంటించింది. బో బొమ్మ గీసి, పక్కన పది అంకె వేసుంది. రంగు రుద్దలేదు.

"ముమ్మిడివరం వాళ్లదండీ, మంగళవారానికి" అంది. "ఏ రంగు బావుంటుందో మీరే చెప్పమన్నారు."

రాజమండ్రి ఊసు తను ఎత్తలేదు, నేనూ అడగలేదు. పెన్సిళ్ల డబ్బా తెమ్మన్నాను. నీలం తీసేను, కాదని పెట్టేసేను. నారింజ తీసేను. కోడలు వెనకనుంచి, "అది బాగోదండీ" అంది.

"నన్నడిగేవా, నువ్వు చెబుతున్నావా?" అన్నాను.