తలుపు చాటు నుంచి

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు నేను బందరు నుంచి బస్సులో అవనిగడ్డ వెళ్లి, అయినవాళ్లను పోగొట్టుకున్న వాళ్లతో మాట్లాడేదాన్ని. దుఃఖంలో ఉన్నవాళ్లను తేర్చడానికి మద్రాసులో నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, పోయిన మనిషి అందులో ఉన్నట్టే వాళ్ల చేత మాట్లాడించాలి.

ఒకావిడ ఆ నీళ్లలో మామగారి చెయ్యి వదిలేసి బిడ్డను పట్టుకుంది. కుర్చీలో మామగారు ఉన్నారనుకోమన్నాను. ఆవిడ చటుక్కున లేచి, కొంగు కప్పుకుని తలుపు చాటుకు వెళ్లిపోయింది. "ఇలా వచ్చి కూర్చో అమ్మా" అని రెండుసార్లు పిలిచాను, అదీ విసుగ్గా. మామగారి ఎదుట ఆవిడ ఏనాడూ కూర్చుని ఉండదు. ఆ పద్ధతి కనిపెట్టిన దొరకి తెలియదు సరే, గుడివాడలో పుట్టిన నాకేమైంది?

మూడోసారి పిలవలేదు. "అక్కణ్ణుంచే చెప్పమ్మా" అన్నాను.

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. "రెండు చేతులూ బిడ్డకే సరిపోయాయి మావయ్యగారూ."

ఆపైన నన్ను అడిగింది. "ఏమంటున్నారండీ? ఎప్పుడూ మా అత్తగారు మధ్యలో ఉండి చెప్పేవారు. ఆవిడా పోయారు. మీరే చెప్పండి."

పోయినవాళ్ల తరఫున మనం మాట్లాడకూడదని మద్రాసులో గట్టిగా చెప్పారు. అయినా నేను కుర్చీ వైపు తిరిగి, ఆయన ఏమంటారో విని చెప్పాలని ఆగాను.