రాతిపువ్వుకు బొట్టు

సంఘం అక్కా, ఈ మెసేజిలో అక్షరాలు తప్పులుంటే ఏమనుకోకండి, నాది ఐదో తరగతి చదువు.

మా ఆయన జనగామలో ఒక కాలేజీ మ్యూజియంలో కాపలా పని చేస్తాడు. ఈ రోజు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్తే, తుడవడానికని ఒక అద్దాల పెట్టె తెరిచి ఉంది. లోపలి రాయి మీద కాడతో సహా విచ్చుకున్న పువ్వు! శుక్రవారం కదా, గుడి నుంచి తెచ్చిన కుంకుమ చేతిలోనే ఉంది. తడివేలితో బొట్టు పెట్టి మొక్కుకున్నాను.

అంతలో మ్యూజియం చూసుకునే మేడం వచ్చింది.

"ఎవరు పెట్టిన్రు గీ బొట్టు? అది పువ్వు కాదు, సముద్రపు లిల్లీ అనే జీవి. కోట్ల ఏండ్ల కింద రాయి అయింది!"

నేను కుంకుమ వేలు కొంగులో దాచుకున్నాను.

"నేనే మేడం," అన్నాడు మా ఆయన.

"ఇంకోసారి ఇట్ల చేస్తే పనిల నుంచి తీసేస్త."

బయటికొచ్చాక అడిగాను. "గదెందుకు నీ మీదేసుకున్నవ్?"

"ఇంట్ల గ్యాసుపొయ్యికి సుత బొట్టు పెట్టేది ఎవరో నాకు తెల్వదా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

రేపు మేడంకు నేనే చెప్తాను. మాట ఎట్లా మొదలుపెట్టాలో చెప్పండక్కా. కాగితమైతే చదివి కాల్చేయమనేదాన్ని. ఇది మాత్రం ఆయన ఫోనుకు పంపకండి, చూస్తే నన్ను పోనివ్వడు.