రిజిస్ట్రీలో మిగిలిన అక్క

ఆదివారం, పోయిన మా అక్కకి చర్చిలో ఆదరణ కూడిక. పర్చూరులో మేమిద్దరం నడిపిన డీటీపీ సెంటర్లో పెళ్ళి కార్డులైనా, చావు కార్డులైనా అక్కే కొట్టేది. ఇప్పుడు ఆమె కార్డు నేను కొట్టి, సాయంత్రంలోగా ప్రెస్సుకి పంపాలి. అక్క వాడిన పాత తెలుగు సాఫ్ట్‌వేరుతో నాకెప్పుడూ పడేది కాదు. అది తీసేసి కొత్తది ఎక్కించబోతే, పాతది ఇంకా ఉంది, ముందు దాన్ని తొలగించమని మొండికేసింది. వెతికితే ఎక్కడా లేదు. ఒళ్ళు మండింది.

గుంటూరులో సిస్టమ్స్ బాగుచేసే అతనికి ఫోన్ చేశాను.

"సాఫ్ట్‌వేరు పోయినా దాని గుర్తులు విండోస్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో ఉండిపోతాయి మేడమ్. దాని పేరుతో ఒక ఫోల్డరు కనబడుద్ది. బ్యాకప్ తీసుకుని లేపెయ్యండి. పక్కవాటిని మాత్రం ముట్టుకోబాకండి, విండోసే పోద్ది" అన్నాడు.

భయపడుతూనే తెరిచాను. అక్క పెట్టుకున్న షార్ట్‌కట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఒక కీ నొక్కితే "ప్రభునందు ప్రియులైన", దాని పక్క కీ నొక్కితే "శ్రీరస్తు శుభమస్తు". పొగాకు వేలాలు అయ్యి రైతుల చేతిలో డబ్బు పడ్డాక పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే వచ్చిపడేవి. ఒక ఏడాది ఆ హడావుడిలో వేలు తప్పి, పక్కూరి మిరప రైతు శుభలేఖ మీద "ప్రభునందు" పడింది. ప్రూఫు చూసిన నాకూ అది కంటబడలేదు. కట్ట విప్పి చూసి ఆయన పగలబడి నవ్వాడు.

"మీ దేవుడూ మా దేవుడూ కలిసి దీవిస్తే మాకేం నష్టమమ్మా? మా వియ్యంకుడే ఒప్పుకోడు, మళ్ళీ కొట్టండి" అన్నాడు.

అక్క ముఖం ఎర్రగా కందిపోయింది. ఆ మాట ఎత్తి ఆమెని ఎన్నాళ్ళు ఆటపట్టించానో. ఎంత బాగుండేవో ఆ రోజులు.

బ్యాకప్ తీశాను. తీసి ఏం లాభం, దాన్ని చదివే సాఫ్ట్‌వేరే లేదు. డిలీట్ నొక్కితే, ఖచ్చితంగా తీసెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. అక్కని సమాధి చేసినప్పుడు కూడా నన్నెవరూ అలా అడగలేదు. కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. సరే అని నొక్కాను.

కొత్తది బుద్ధిగా ఎక్కింది. అక్షరం అక్షరం వెతుక్కుంటూ కార్డు కొట్టి ప్రింటు తీశాను. కొట్టిన మనిషి కాకుండా రెండో మనిషి ప్రూఫు చూడాలన్నది మా సెంటర్లో పద్ధతి. అలవాటుగా కాగితం పక్క కుర్చీ వైపు చాపి, "తప్పులున్నాయేమో చూడక్కా" అన్నాను.

కాసేపటికి నేనే చూద్దామనుకున్నాను గానీ, కళ్ళలో నీళ్ళకి ఒక్క అక్షరమూ కనబడలేదు. అలాగే ప్రెస్సుకి పంపేశాను. మా సెంటర్ నుంచి ప్రూఫు చూడకుండా వెళ్ళిన మొదటి కార్డు అక్కదే.