గరిటె వెనక్కి తిరగకూడదు

మా ఎర్నా అత్త క్రిస్మస్ బిస్కెట్ల పిండిని గడియారం ముల్లు తిరిగే వైపుకే కలుపుతుంది. అదీ గంటసేపు. ఒక్క చుట్టు వెనక్కి తిరిగిందా, మళ్లీ మొదటి నుంచి గంట. జర్మనీ నుంచి ఓడెక్కి బ్రెజిల్ వచ్చిన ఆవిడ ముత్తవ్వ అలాగే రాసిపెట్టింది మరి.

ముత్తవ్వ అది రాసింది మంచు కురిసే డిసెంబరులో. మా బ్లూమెనావ్‌లో డిసెంబరంటే నడివేసవి, ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అతుక్కుపోతుంది.

"ఈ ఎండలకు కాస్త తగ్గించకూడదా అత్తా?"

"ఎండ సంగతి ముత్తవ్వ రాయలేదు."

గరిటె ఆవిడది, చేతులు మాత్రం ఎవరివైనా కావచ్చు. పోస్ట్‌మన్ వస్తే పోస్ట్‌మన్, కరెంటు మీటరు చూసేవాడు వస్తే వాడు. ఒకసారి పాస్టరు గారు పాటల సాధన గురించి మాట్లాడటానికి వచ్చి దొరికిపోయారు.

"పాస్టరు గారూ, వెనక్కి తిప్పారు."

"లేదమ్మా!"

"దేవుడు చూశాడు."

దేవుడితో వాదం పెట్టుకోలేక పాస్టరు గారు ఇంకో గంట కలిపారు.

చూడలేక నేనొక పిండి కలిపే మిక్సరు కొనిచ్చాను. అత్త దాన్ని నాలుగు పక్కలా పరిశీలించింది.

"ఇది ఎటు తిరుగుతుంది?"

"నువ్వు చెప్పే వైపే."

"అంత జోరుగా తిరిగేది వెనక్కి తిరిగితే ఎవరు చూడొచ్చారు?" అని దారంతో అల్లిన ముసుగొకటి తొడిగి వంటసామాను గదిలో పెట్టేసింది.

ఆ ఏడాది జూలైలో పక్కింటి లోథార్ గారి భార్య వాల్ట్రాట్ పోయింది. పండగ ముందురోజు సాయంత్రం వీధంతా మా అత్త ఇంట్లోనే చేరుతుంది. ఆయన మాత్రం రానన్నాడు. పిలవడానికి వెళ్లిన ప్రతివాళ్లకీ "నాకు పండగ లేదు" అని తలుపేశాడు. ఆ రాత్రి ఆ ముసలాయన దీపం కూడా వేసుకోకుండా ఒక్కడే కూర్చుంటాడని అందరికీ తెలుసు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

అత్త పిలవనే లేదు. పండగ ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచె మీదుగా అరిచింది.

"లోథార్! భుజం పట్టేసింది. పిండి మధ్యలో ఆగిపోయింది. పండక్కి పిలవడం లేదులే, గరిటె తిప్పేసి పో!"

ఆయన ఇంటి చెప్పులతోనే వచ్చాడు. "గంటేగా?"

"గంటే."

గంట కావస్తుండగా అత్త కేకేసింది. "వెనక్కి తిప్పావ్!"

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. వాల్ట్రాట్ అయితే ఒప్పుకునేది."

"అదా! అది ఒప్పుకోవడమా! దాన్ని కలపమంటే గరిటె నా చేతికిచ్చి కబుర్లకు పోయేది" అని ఆయన నవ్వేశాడు. చాలాకాలానికి విన్నాం ఆ నవ్వు. మళ్లీ మొదలుపెట్టాడు. కాసేపటికి మళ్లీ "తిప్పావ్!"

నేను ఎదురుగానే కూర్చుని కాగితం నక్షత్రాలు కత్తిరిస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు.

చక్కెర కోసం సామాను గదిలోకి వెళ్లాను. మిక్సరు ముసుగు ఊడి ఉంది. దాని పుల్లలకు ఇంకా పిండి అంటుకునే ఉంది. పక్కన గుడ్డ కప్పిన పళ్లేల నిండా కాల్చిన బిస్కెట్లు, పైన రంగు చక్కెరతో సహా. నోరు తెరుచుకుని బయటికి వచ్చాను.

"నీ కత్తెర పని నువ్వు చూసుకో" అంది అత్త.

చీకటి పడుతుంటే జనం కుర్చీలు మోసుకుంటూ వచ్చేశారు. మోచేతుల దాకా పిండి పూసుకుని కూర్చున్న లోథార్ గారి చేతికి ఎవరో బీరు గ్లాసిచ్చారు. అప్పుడు అత్త గిన్నెలోకి తొంగి చూసింది.

"చాల్లే లోథార్, కలిసింది. చేతులు కడుక్కుని ఇంటికెళ్తావో ఏమో, నీ ఇష్టం."

ఆయన గుమ్మం వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టి, అందరూ చూస్తుండగా, గరిటెను నింపాదిగా ఒక్క చుట్టు వెనక్కి తిప్పాడు.

"అయ్యో, తిరిగిపోయింది" అన్నాడు.

"ముత్తవ్వ ఊరుకోదు" అంటూ అత్త ఆయన గ్లాసు నింపింది. "ఇంకో గంట."