రేకుగోడ మర్యాద

గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఆ పెద్దలకు మట్టివో రాతివో గోడలుండేవి కాబట్టి అనగలిగారు. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న కాలంలో, వాటిని లేపే మనుషులుండే గదులకు గోడలు లేవు, రేకులుండేవి. రెండు గదుల నడుమ ఒకటే రేకు. అది కూడా పైకప్పు దాకా పోకుండా జానెడు సందు వదిలి ఆగిపోయేది. గాలి ఆడాలని వదిలామని మేస్త్రీ బాలనర్సయ్య చెప్పేవాడు గానీ, రేకు చాలలేదన్నది అసలు సంగతి. ఆ సందులోంచి గాలి మాటేమో గానీ ఇవతలి దగ్గు అవతలికి, అవతలి గురక ఇవతలికి, తిరగమోత ఘాటు రెండు వైపులకూ ఏ అడ్డూ లేకుండా పోతూ వస్తూ ఉండేవి.

ఇలాంటి గదులు వరసగా కడితే దాన్ని లైను అనేవారు. ఆ లైనులో చివరి గదికి ముందు గది నీలమ్మది.

నీలమ్మది నారాయణఖేడ్ దగ్గర పల్లె. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు మొగుడితో కలిసి పట్నం వచ్చింది. బాచుపల్లిలో బడి కడుతున్నప్పుడు ఆ మొగుడు పరంజా మీంచి పడి చచ్చిపోయాడు. పిల్లాజెల్లా లేరు. ఊరికి తిరిగి పోయి చేసేదేముంది? తట్ట మోయడం ఒక్కటే వచ్చు, ఆ తట్టకు గిరాకీ ఉన్నది ఇక్కడ. అప్పటినుంచి లింగంపల్లి అయినా మాదాపూర్ అయినా, ఎక్కడ పునాది తవ్వితే అక్కడ ఆమెకో రేకుల గది. అన్ని లైన్లలో ఉండీ ఉండీ ఆమెకు పక్కపక్కన బతకడం ఎలాగో తెలిసింది. అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పే చదువు కాదు. నేర్పే బాధ్యత మాత్రం తనదేనని నీలమ్మ అనుకునేది. లైనులోకి ఏ కొత్త కాపురం దిగినా మొదటి రోజే వెళ్లి పాఠం చెప్పి వచ్చేది.

పాఠం ఏమిటంటే, రేకు అవతలిది వినపడదు. వినపడినా వినపడదు. పక్క గదిలో ఆలుమగలు ఒకరినొకరు ఎన్ని మాటలనుకున్నా, తెల్లారి ట్యాంకరు దగ్గర బిందెలు పట్టేటప్పుడు వాళ్ల ముఖం మామూలుగా చూడాలి. వాళ్లే సిగ్గుపడి, మా లొల్లి గాని వినపడిందా అని అడిగితే, సోయి లేకుండా పడుకున్నానని చెప్పాలి. ఎవరైనా ఏడుస్తుంటే మటుకు ఇవతల కిక్కురుమనకుండా కూర్చోకూడదు. కూర్చుంటే వింటున్నట్టు లెక్క. గిన్నెలు తోముకోవాలి, బియ్యం చెరగాలి, ఏదో ఒక చప్పుడు చేయాలి. ఆ చప్పుడు చాటున అవతలి మనిషి కడుపులో బరువు దించుకుంటుంది. పిలవని గుమ్మం తొక్కకూడదు. అవసరమున్నవాళ్లు గుమ్మం ముందుకొచ్చి పేరు పెట్టి పిలవాలి గానీ రేకు మీంచి అరవకూడదు.

మేడల్లో ఉండేవాళ్లకు ఇదంతా విడ్డూరంగా తోచవచ్చు. వాళ్లు తలుపేసుకుంటే గుట్టు దొరుకుతుంది. లైనులో వాళ్లకు పక్కవాళ్లు చెవులు మూసుకుంటేనే దొరుకుతుంది. నీలమ్మ పాఠాన్ని ఎవరూ కాదనకపోవడానికి అదే కారణం.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో చివరి గదిలోకి సాయిలు, సరిత దిగారు. సాయిలు స్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగు పనివాడు, మాట తక్కువ. ఆ తక్కువంతా పెళ్లాం పూడ్చేది. సరితకు ఇరవై కూడా నిండలేదు. నవ్వితే లైను ఆ చివరిదాకా వినిపించేది. కూర మాడిందంటే ఆ కబురు కూడా కేకలోనే. నీలమ్మ ఓపిక పట్టి పట్టి ఒకనాడు గుమ్మం ముందు నిలబడింది.

“ఏందే పిల్లా, గా ఒర్రుడేంది? లైన్ల అందరికి చెవులున్నయ్.”

“మా ఊర్ల గిట్లనే మాట్లాడుకుంటమక్కా. చేను ఈడ, ఇల్లు ఆడ.”

“ఈడ చేన్లు లెవ్వు. నీ మాట నీ గదిల ఉండాలె. నీ నొప్పి గూడ నీ గదిలనే ఉండాలె. అర్థమయిందా?”

సరిత నవ్వి తలూపింది. మంచి పిల్ల, చెప్పిన మాట వింది. నెలలోపే గొంతు తగ్గింది. నెల తప్పి వాంతులు మొదలైనప్పుడు కూడా కొంగు నోట్లో కుక్కుకుని కానిచ్చింది. ఆ సంగతి కూడా నీలమ్మకు రేకులోంచి తెలిసిందే. తెలియనట్టే ఉండి, పనికి పోతూ ఇంత చింతకాయ తొక్కు చిన్న గిన్నెలో పెట్టి సందులోంచి అందించేది. అవతలినుంచి గాజుల చేయి వచ్చి అందుకునేది. ఒకరికొకరు మాట అనుకునేవారు కాదు. తన కడుపున పుట్టినది లేకపోయినా ఈ పిల్లకు మర్యాద నేర్పానని నీలమ్మకు లోలోపల గర్వం. ట్యాంకరు దగ్గర ఆడవాళ్లతో, సరితను చూసి నేర్చుకోండే అని కూడా అంది.

ఎనిమిదో నెల వచ్చాక సరిత పుట్టింటికి పోతానంది. పెద్ద స్లాబు ఒకటి దగ్గర పడింది. అది పడేదాకా సెంట్రింగు వాళ్లెవరూ కదలడానికి లేదని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. స్లాబు ముందురోజు పొద్దుగూకే వేళ మొగుడూ పెళ్లాలకు మాటా మాటా వచ్చింది. ఏడ్చింది, బతిమాలాడు, మళ్లీ ఏడ్చింది, చివరికి ఇద్దరూ తిన్నారు. ఇవతల నీలమ్మ అంట్లు తోముతూ కూర్చుంది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

తెల్లారి స్లాబు. లైను లైనంతా ఖాళీ అయింది. కాళ్లు చేతులు ఆడేవాళ్లందరూ పనిలోకే. కాంక్రీటు కలిపే మిల్లరు మోత గుట్ట అవతలినుంచి ఆగకుండా వస్తోంది. నీలమ్మ మాత్రం గదిలో ఉండిపోయింది. పాదంలో మేకు దిగి వాచింది, తట్ట ఎత్తుకుని నిచ్చెన ఎక్కలేదు. పక్క గదిలో సరిత. మిగిలిన గదులన్నింటికీ తాళాలు.

మధ్యాహ్నం గంజి తాగి వెనక రేకుకు చేరగిలబడ్డప్పుడు అవతల మూలుగు వినిపించింది. సన్నగా, పళ్ల బిగువున వస్తున్న మూలుగు. నిన్నటి అలక ఇంకా తీరలేదు కాబోలు, మొగుడు లేని వేళ చూసి ఏడుస్తోంది అనుకుంది నీలమ్మ. కాస్త ఆగి దబ్బుమని ఏదో పడింది. నీళ్ల డ్రమ్ము మీద కోపం తీర్చుకున్నట్టుంది, వయసట్లాంటిది. అయినా మనసు ఊరుకోలేదు. లేచి రేకు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏం బిడ్డా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ ఏడ్చే మనిషిని రేకు మీంచి పలకరించడమంటే ఇంతసేపూ విన్నానని చెప్పుకోవడం. అంత సిగ్గుమాలిన పని జన్మలో చేయలేదు.

అప్పుడు, “అక్కా,” అని వినిపించింది.

ఒక్కసారే. నెమ్మదిగా. పిలుపో, ఏడుపులో వచ్చిన మాటో తేల్చుకోలేకపోయింది. ఏడ్చేవాళ్లు అవ్వా అంటారు, అక్కా అంటారు, దేవుడా అంటారు. పిలుపైతే గుమ్మంలోకి వచ్చి నీలమ్మక్కా అని పిలవాలి కదా, నేర్పిన పిల్లే కదా. వస్తుందేమోనని గుమ్మం వైపు చూసింది. రాలేదు. సరే, ఆ పిల్ల తనివితీరా ఏడ్చుకోనీ అని జాలిపడి, రోలు ముందేసుకుని ఎండుమిరపకాయలు దంచడం మొదలుపెట్టింది.

అంత దయగా, అంత శ్రద్ధగా ఆమె ఎన్నడూ కారం దంచి ఉండదు. ఘాటుకు కళ్లు మండినా ఆపలేదు. ఆపితే విన్నట్టవుతుందని.

ఎండ తగ్గాక సాయిలు వచ్చాడు. పెళ్లాం మీద బెంగతో మేస్త్రీని బతిమాలి మిగతావాళ్ల కంటే ముందే దిగి వచ్చాడు. అతని కేకకు నీలమ్మ రోకలి వదిలేసి కుంటుకుంటూ పరుగెత్తింది. సరిత గది లోపల, గుమ్మానికి మూరెడు దూరంలో పడి ఉంది. నొసట దెబ్బ, చీరంతా నెత్తురు, కొంగు నోట్లో ఉండచుట్టి ఉంది. ఊపిరి ఇంకా ఆడుతోంది. ఇసుక దింపిన ట్రాక్టరు మీద దవాఖానకు తీసుకుపోయారు. సరిత తల నీలమ్మ ఒడిలో పెట్టుకుంది. లింగంపల్లి చౌరస్తా దాటక ముందే ఆ తల బరువెక్కింది. బిడ్డ అంతకు ముందే పోయిందని దవాఖానలో చెప్పారు.

మర్నాడు పొద్దున సరిత అన్న నర్సింహ ఊరినుంచి నలుగురిని వెంటేసుకుని దిగాడు. చెల్లెల్ని శవాల గదిలో చూసి నేరుగా లైనుకు వచ్చాడు. నొసటి దెబ్బ అతని కంట్లోంచి పోవడం లేదు. పుట్టింటికి పంపమంటే పంపలేదన్న సంగతి తెలుసు. సాయిలు చొక్కా పట్టుకుని గదుల ముందుకు ఈడ్చాడు.

“కొట్టి సంపినవ్. కడుపుతోని ఉన్న పిల్లను కొట్టి సంపినవ్ రా!”

“నేను కొట్టలే బావా,” అన్నాడు సాయిలు. దెబ్బలు పడుతున్నా చేతులు అడ్డం పెట్టుకోలేదు.

మేస్త్రీ బాలనర్సయ్య నడుమ దూరాడు. “జర ఆగుండ్రి. పక్కపొంటి గదులోళ్లను అడుగుదం. మొన్న లొల్లి అయిందా, కొట్టిండా, ఎవరన్న ఇన్నరా?”

లైనంతా అక్కడే ఉంది. నీలమ్మకు రెండో పక్క గదిలో ఉండే పోచమ్మ తల వంచుకుంది. “మాకేం ఇనవడలే.” ఆమె మొగుడూ అదే మాట. వాళ్ల పక్కవాళ్లూ అదే మాట. కొట్టలేదని చెప్పాలంటే గొడవ విన్నామని చెప్పాలి. అది విన్నామంటే ఇన్నాళ్లూ అందరివీ విన్నట్టే. పాపం వాళ్లలో ఎవరికీ సాయిలు మీద కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా అనీ అనీ అలవాటైన మాట, మంచిదే అనుకుని అన్నారు. బయటినుంచి వచ్చిన నర్సింహకు అది మరోలా తోచింది.

“ఇంతమంది ఉండి ఎవ్వనికి ఇనవడలేదా? అందరు గలిసి దాస్తున్నరు. పదండ్రా, ఠాణాకు తోలుకపోదాం. ఆడ ఒర్రుతడు వీడు.”

తోటివాళ్లు సాయిలు రెండు జబ్బలూ పట్టుకున్నారు. ఠాణాలో కూలివాడి మాటకు విలువెంతో లైనులో తెలియనివారు లేరు. పెళ్లాన్ని చంపినవాడిగా వాడు లోపల పడితే మళ్లీ బయటికి తెచ్చే దిక్కు లేదు. నీలమ్మ గుమ్మం రేకు పట్టుకుని లేచింది.

“ఇనవడ్డది,” అంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు.

“నాకు ఇనవడ్డది. మొన్న లొల్లి అయింది, నేనిన్న. ఆయినె కొట్టలే. పుట్టింటికి పోత అన్నది, స్లాబు అయినంక నేనే తోలుకపోత అన్నడు. ఏడ్చింది, బుజ్జగించిండు. నిన్న పొద్దుగాల గంజి కాసిచ్చి పనికి వోయిండు. గప్పటిసంది పిల్ల ఒక్కతే. మూలిగింది, ఇన్న. దబ్బున పడ్డది, అదీ ఇన్న. గప్పుడే తలకు తగిలినట్టుంది. అటెనుక అక్కా అన్నది.” చివరి గది గుమ్మం వైపు చూసింది. “గదీ ఇన్న. ఏడుస్తున్నదనుకొని మిరపకాయలు దంచిన.”

నర్సింహ చేయి దానంతట అదే వదులైంది. “ఇని గూడ పోలేదా నువ్వు?”

“పోలే.”

“మనిషివేనా?”

అడిగిన మాటలో తప్పేమీ లేదని నీలమ్మకు అనిపించింది. తానే నేర్పింది, నొప్పి గదిలోనే ఉండాలని. పిల్ల చావు దగ్గర పడ్డా ఆ మాట జవదాటలేదు. ఒకే ఒక్కసారి దాటింది. ఆ ఒక్కసారికి తాను రోకలి ఎత్తింది. ఈ బతుకు ఎందుకు, ఈ మర్యాద ఎవరికి అని గుండె బాదుకోవాలనిపించింది.

నర్సింహ మనుషులు సాయిలును వదిలేశారు. శవాన్ని ఊరికి తీసుకుపోయే సంగతి మేస్త్రీతో మాట్లాడుతూ దూరంగా నడిచారు. లైను ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈమెకు అది వినపడితే మనవి ఎన్ని వినపడ్డాయో అని ప్రతి ఒక్కరి ముఖంలోనూ ఉంది. పోచమ్మ తన గదిలోకి పోయి సిమెంటు సంచులు మడిచి రేకు పై సందులో కుక్కడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు. ఒక చావు జరిగిందన్న బాధ కంటే, ఒకరు విన్నామని ఒప్పుకున్నారన్న భయమే వాళ్లను ఎక్కువ కమ్ముకుంది. నీలమ్మతో ఎవరూ మాట్లాడలేదు.

సాయిలు మాత్రం వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పెదవి చిట్లి ఉంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

“అక్కా,” అన్నాడు చివరికి. “ఒక్కపారేనా పిలిచింది? మల్ల పిలువలేదా?”

నీలమ్మ అతని ముఖంలోకి చూడలేకపోయింది.

“తెల్వది బిడ్డా,” అంది. “అటెనుక నేను దంచుతనే ఉన్న.”