మాస్టారు తోమిన గిన్నెలు

టైలరు మాస్టారికి ఒక కొలత చెప్పి ఇంకో కొలతకి పోట్లాడే కస్టమర్లన్నా, రేపే కావాలంటూ ఇవాళ గుడ్డ పట్టుకొచ్చే చుట్టాలన్నా భయం లేదు. ఆయన భయమల్లా ఎంగిలి గిన్నెలంటేనే. సింకులో నానిన మెతుకు వేలికి తగిలిందంటే ఆ పూట ఇక అన్నం సయించేది కాదు.

అలాంటి మనిషి గిన్నెలు తోముతానని ఎందుకు ఒప్పుకున్నాడయ్యా అంటే, ఆ రోజు ఆయన ఏ మాటకైనా ఒప్పుకునేవాడే. భార్యకి స్కూలు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన రోజది. ఇద్దరూ కూర్చుని ఇంటిపని పంచుకున్నారు. వంటా బట్టలూ ఆవిడవి, ఊడవడమూ గిన్నెలూ ఆయనవి. "పనిమనిషెందుకండీ, ఉన్నది ఇద్దరమేగా" అంది ఆవిడ. మాస్టారు సంతోషంగా తలూపేశారు.

మొదటి వారానికే తలప్రాణం తోకకొచ్చింది. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని తోమారు. కళ్ళు మూసుకుని తోమారు. కళ్ళు మూసుకున్న రోజు రెండు కప్పులు పగిలాయి.

రెండో సోమవారం భార్య బస్సుకి వెళ్ళాక, మాస్టారు చెత్తబుట్ట బయటపెట్టబోతే మెట్లమీద ఒకామె మోకాళ్ళు పట్టుకుని కూర్చునుంది. మూడో అంతస్తు వాళ్ళింట్లో పనిచేసే అక్క. పక్కనే తడిబట్టల బకెట్టు.

"ఏమక్కా, నొప్పా?"

"గిన్నెలు ఎన్నైనా తోముతాను మాస్టారూ. ఈ డాబా మెట్లే నా ప్రాణం తీస్తున్నాయి."

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అయితే అక్కా, మనిద్దరం పని మార్చుకుందామా?"

ఆ రోజునుంచీ ఎనిమిదిన్నరకి భార్య బస్సెక్కడం, అక్క వంటింట్లోకి రావడం, మాస్టారు బకెట్టు పట్టుకుని డాబా ఎక్కడం. తొమ్మిదిన్నరకల్లా ఎవరి దారిన వాళ్ళు.

గిన్నెలు తళతళలాడాయి. అక్కడే వచ్చింది చిక్కు. భార్య మురిసిపోయి ఆఫీసంతా చెప్పుకుంది, ఆ మాట టీచర్ల ఇళ్ళదాకా పాకింది. ఆ స్కూల్లో మగటీచర్లకి మాస్టారి పేరు వింటేనే ఒళ్ళుమంట, ఎందుకంటే ఇంటికెళితే వాళ్ళావిళ్ళు ఆ పేరే ఎత్తుతున్నారు. లెక్కల టీచరమ్మయితే వాళ్ళాయన్ని పని నేర్చుకోడానికి పంపుతానంది.

మాస్టారు నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచారు. మూడోసారి ఆవిడ ఒక గిన్నె తిప్పి చూసుకుంటూ, "ఇరవైరెండేళ్ళలో మీరు నాకోసం చేసిన పని ఇదేనండీ" అంది. దెప్పలేదు, ప్రేమగానే అంది. తెరిచిన నోరు మూసుకున్నారు మాస్టారు. ఆ రాత్రి ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక గురువారం మాస్టారు డాబామీద నోట్లో రెండు క్లిప్పులు పెట్టుకుని పై ఇంటాయన చొక్కా దులుపుతుంటే, ఎదురుగా భార్య. బస్సులో ఉండాల్సిన మనిషి. క్లిప్పులు నోట్లోంచి జారిపడ్డాయి.

"నిన్న సాయంత్రం దిండ్లు తీసుకెళ్ళడానికొచ్చా" అంది ఆవిడ. "పై గుండీ పెట్టి, భుజాల కుట్టు దగ్గర క్లిప్పు పెట్టి, చిన్నవాటినుంచి పెద్దవాటిదాకా వరసగా చొక్కాలు. మీ కొట్లో తప్ప ఇంకెక్కడా చూళ్ళేదు. ఇప్పుడు కింద వంటింట్లో అక్కని కూడా చూసొచ్చా."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. జరిగిందంతా మొదటి మెతుకునుంచీ చెప్పేశారు.

"నేను ఆఫీసులో ఏమని చెప్పుకున్నానో తెలుసా?" అంది ఆవిడ.

"తెలుసు. అందుకే చెప్పలేకపోయాను."

ఆవిడ చివరి తీగవైపు చెయ్యి చూపించింది. "మన బట్టలు చూశారా ఎప్పుడైనా? నేను తీగమీద విసిరేసి పరిగెడతాను. ముడతలతోనే ఆఫీసుకెళతాను. మీరేమో పైవాళ్ళ దుప్పటికి మూలలు కలుపుతున్నారు."

మాస్టారు చూశారు. చివరి తీగమీద సగం జారిపోయి, ఒంటి క్లిప్పుతో వేలాడుతున్నవి ఆవిడ ఆఫీసు బట్టలు. కొట్లో ఎవరెవరి బట్టలకో ముడత పడితే ఒప్పుకోని మనిషికి ఇన్నాళ్ళూ అవి కనపడనే లేదు. వెళ్ళి వాటిని తీసి, దులిపి, కుట్టు కుట్టుకీ కలిపి మళ్ళీ ఆరేశారు. ఆవిడ ఆపలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ అక్కని పిలిచి, ఇకనుంచి గిన్నెలకి జీతమిస్తామంది.

"జీతం ఇవ్వండమ్మా, కాదనను" అంది అక్క. "కానీ డాబా పనికి మాస్టారిని మాన్పించకండి. అలా ఆరేసేవాళ్ళు నాకు మళ్ళీ దొరకరు."

"మాన్పించను. కాకపోతే ముందు మా బకెట్టు" అంది ఆవిడ.

మర్నాడు ఆఫీసులో ఆవిడే అందరికీ చెప్పేసింది, గిన్నెలు మా ఆయన తోమలేదని. మగటీచర్లు హాయిగా ఊపిరి పీల్చుకునేలోపు, "మా ఇంట్లో బట్టలారేసేది మాత్రం ఆయనే" అని, ఒక్క ముడత లేని తన జాకెట్టు చెయ్యి చాపి చూపించింది.

ఆదివారం పొద్దున లెక్కల టీచరమ్మ మొగుడు తడిబట్టల బకెట్టు మోసుకుంటూ, ఏడుపు మొహంతో మాస్టారి డాబా మెట్లెక్కాడు.